లేపేసిన రీలు

ఆపరేటర్ అంటే ఇప్పటి పిల్లలకు ఎవరు గుర్తొస్తారో నాకు తెలియదు. కంప్యూటర్ ముందు కూర్చునేవాడో, క్రేన్ నడిపేవాడో. నేను సినిమా హాలు ఆపరేటర్ని. మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద ఒక హాల్లో, మీ తలల మీదుగా తెర దాకా వెలుతురు పోయే ఆ చిన్న కిటికీకి ఇవతల, నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడది ఫంక్షన్ హాలు. నా మిషన్లు ఉన్న చోట కేటరింగ్ వాళ్ళు గిన్నెలు దొంతర పెట్టుకుంటున్నారు.

మా కాలం సంగతులు రాయమని ఈమధ్య కొందరు కుర్రాళ్ళు అడిగారు. ఏ హీరో సినిమాకు గేట్లు విరిగాయి, ఏ పాటకు చిల్లర విసిరారు, అవి కావాలి వాళ్ళకు. అవి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పేది మా హాల్లో ఒకే ఒక్క ఆట ఆడిన సినిమా గురించి. ఆ ఒక్క ఆటనూ నేనే పాడు చేశాను. సిగ్గుపడే సంగతి కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేసి తప్పించుకుందామని ఉంది గానీ, ముందు మా పని పద్ధతి ఒకటి మీకు తెలియాలి.

సినిమా అప్పట్లో డబ్బాల్లో వచ్చేది. డబ్బాకు ఒక రీలు. రీలు పది నిమిషాలో, ఇంకాస్తో నడుస్తుంది. క్యాబిన్‌లో రెండు మిషన్లు. ఒకదాని మీద ఒక రీలు ఆడుతుండగానే రెండోదానికి తర్వాతి రీలు ఎక్కించి పెట్టుకోవాలి. ఇంతవరకు ఎక్కడైనా ఒకటే. మా ఊరి వంటి హాళ్ళలో ఇంకో పని ఉండేది. దాన్ని 'లేపేయడం' అనేవాళ్ళం. హీరోయిన్ తండ్రి మంచం పట్టి నీతులు చెప్తున్నాడనుకోండి. నేల క్లాసులో ఈలలు మొదలవుతాయి. రెండో రోజు ఆటకు ఆ మంచం ఉండదు. తండ్రి నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోతాడు. ఎవరూ అడిగేవారు కాదు. పైగా మేడ్చల్‌లో చూస్తే బొమ్మ చురుగ్గా ఉంటుందని అత్వెల్లి నుంచి సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. ఎక్కడ లేపాలో నా చేతికి తెలుసునని మా మేనేజర్ నలుగురిలో అనేవాడు. నేను మీసం దువ్వుకునేవాణ్ణి. అంత పొగరుండేది నాకు.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం ఆయన వచ్చాడు. ఐరోపాలో ఏదో చలిదేశం. సినిమా డైరెక్టరు. కరీంనగర్ రోడ్డు మీద ఎటో పోతూ ఉంటే శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర కారు చెడిపోయిందట. మెకానిక్ వచ్చి కారు బాగుచేశాడు గానీ ఈయన మళ్ళీ ఎక్కలేదు. అక్కడే ఒక గది తీసుకుని, చెరువులో చేపలు పట్టేవాళ్ళ వెంట తిరుగుతూ, కెమెరా తెప్పించుకుని సినిమా మొదలుపెట్టాడు. కథ లేదు, పాటల్లేవు, వేషం కట్టినవాడు ఒక్కడూ లేడు. జనం ఆయన్ని గడ్డం సారు అనేవాళ్ళు.

తీసిన ఫిల్మును కడిగించి తెప్పించుకుని, పొద్దుటి పూట మా హాల్లో వేయించుకుని చూసుకునేవాడు. అలా నాకు పరిచయం. ఆయన వెంట సిటీ నుంచి వచ్చిన దుబాసీ అమ్మాయి ఒకతె ఉండేది. ఆ దేశం భాష చదువుకుంటోంది. చూడ్డం అయ్యాక ముగ్గురం క్యాబిన్‌లో టీ తాగేవాళ్ళం. ఆయన బతుకు సంగతులు నాకు ఆ అమ్మాయి నోటనే తెలిశాయి.

మొదటి సినిమా ఒక రైల్వే గేటు కాపలావాడి మీద తీశాడట. గేటు వేస్తాడు, తీస్తాడు. రైలు వస్తుంది, పోతుంది. సగం మంది లేచిపోయారట. మిగిలిన సగం మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. రెండో సినిమా మధ్యలో హీరోయిన్ అలిగి వెళ్ళిపోతే ఇంకొకామెను పెట్టుకోలేదు. ఆమె కూర్చోవలసిన కుర్చీనే చివరిదాకా తీశాడు. దానికి బహుమతి వచ్చింది. బహుమతి పుచ్చుకోవడానికి వేదిక ఎక్కి, ఒక్క మాట మాట్లాడకుండా చాలాసేపు నిలబడి దిగి వచ్చాడట. ఆ తర్వాత ఎవరూ పెట్టుబడి పెట్టలేదు. కొన్నేళ్ళు ఇళ్ళకు రంగులేసి బతికాడు. అన్నిటికీ కారణం ఒక్కటే. కొంచెం తగ్గించమని నిర్మాతలు అడిగేవారు, ఈయన ఒక్క అడుగు ఫిల్ము తగ్గించేవాడు కాదు.

నాకు నవ్వొచ్చింది. "గింత దానికి కొట్లాటెందుకమ్మ? మా తానకు పంపుంటే మేమే లేపేస్తుంటిమి గద" అన్నాను. అమ్మాయి నా మొహం వంక చూసింది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

చెప్పకపోయినా ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. క్యాబిన్ మూల బుట్టలో నేను కోసి పడేసిన ముక్కలు ఉండేవి. ఒకసారి గుప్పెడు తీసి, వెలుతురుకు పెట్టి, ఒక్కొక్కటే చూశాడు. మళ్ళీ జాగ్రత్తగా బుట్టలో పెట్టాడు.

ఆయన తీసిన వాటిలో ఒక రీలు నాకు బాగా గుర్తు. రీలు మొత్తం ఒకే చోటు, ఒకే మనిషి. గుడిసె ముందు కూర్చుని చినిగిన వల కుడుతుంటాడు. సన్నటి మనిషి, నవ్వితే పన్ను మీద పన్ను. కుడతాడు, చెంబెత్తి నీళ్ళు తాగుతాడు, మళ్ళీ కుడతాడు. మధ్యలో కోడి ఒకటి వచ్చి వల మీదికెక్కుతుంది. కెమెరా అతను ఆపబోతే, ఆ మనిషి మనవైపు తలెత్తి నవ్వుతాడు. "ఉండనీ. గదేం జేసింది?" అంటాడు. ఆ మాటకు అర్థమేమిటని గడ్డం సారు అమ్మాయిని అడిగి తెలుసుకున్నాడట. అప్పటి నుంచి షూటింగ్‌లో ఎవరు ఆపమంటారా అన్నట్టు చూసినా ఆయన నోట అదే మాట: ఉండనీ. తెల్లటి మనిషి నోట ఆ మాట వింటే శామీర్‌పేట వాళ్ళందరికీ నవ్వే నవ్వు.

ఆ మనిషికి అప్పుడే కూతురు పుట్టింది. లోపలి నుంచి పసిపిల్ల ఏడిస్తే అతను సూది ఆపి గుడిసె వైపు చూస్తాడు. అదీ ఉంది ఆ రీల్లో. ఆ వానాకాలంలోనే అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందని కొన్నాళ్ళు, పెద్దాసుపత్రి అని కొన్నాళ్ళు తిరిగారు. దక్కలేదు.

సినిమా తయారై రావడానికి రెండేళ్ళు దాటింది. గడ్డం సారు డబ్బాలతో మేడ్చల్ వచ్చి దిగాడు. ఐరోపాలో ఏదో పెద్ద సినిమా పండగలో మొదటి ఆట వేయాలట, ఈయన ఒప్పుకోలేదట. ఎవరి బొమ్మయితే తీశానో వాళ్ళు చూశాకే ఇంకెవరైనా అన్నాడట. నిర్మాత తరఫున టై కట్టుకున్న మనిషి ఒకడు వెంట వచ్చాడు. ఆదివారం ఉదయం ఆట, ఊరికే. ఆట కాగానే డబ్బాలు బేగంపేట విమానాశ్రయానికి పోవాలి.

ఇక్కడ మా మేనేజర్ తెలివి చూడండి. వాల్‌పోస్టర్ రాసేవాణ్ణి పిలిచి 'ఇంగ్లీష్ పిక్చర్, ఉదయం ఆట, ఉచితం' అని రాయించి జీడిమెట్ల దాకా అంటించాడు. ఆ రోజుల్లో ఉదయం ఆట ఇంగ్లీష్ పిక్చర్ అంటే జనం ఏమనుకుంటారో మీ ఇంట్లో పెద్దమగవాళ్ళను అడగండి, చెప్పరు. ఫ్యాక్టరీల్లో ఆదివారం సెలవు. తలలకు నూనె రాసుకుని, దస్తీలు మెడకు చుట్టుకుని హాలు నిండా వచ్చారు. శామీర్‌పేట నుంచి రెండు ట్రాక్టర్ల మీద వచ్చిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు ఆ గుంపు మధ్య బిక్కుబిక్కుమంటూ సర్దుకున్నారు.

ఆట మొదలయ్యే ముందు ఒకామె బిడ్డను చంకనేసుకుని క్యాబిన్ మెట్లెక్కి వచ్చింది. వల కుట్టినాయన భార్య. కొత్త చీర, తలకు నున్నగా దువ్వి ముడి. బిడ్డకు మూడేళ్ళు నిండాయో లేదో, కాటుక పెట్టి, గౌను తొడిగి తెచ్చింది.

"సారూ, మా ఆయన ఎప్పుడొస్తడు?"

"ఇంటర్వెల్ అయినంక ఒక్క రీలు పోనియ్యమ్మ. దాని ఎన్కది మొత్తం ఆయనదే."

"గీమె పండుకుంటదేమోనని అడుగుతున్న. గింతసేపు ఊకోదు."

"పండుకోనియ్యకు మరి."

"పండుకోనియ్య. గీమెకే జూపెట్టాలె సారూ. మా నాయిన ఎట్లుంటడే అంటది. ఒక్క ఫోటో లేకపాయె ఇంట్ల. ఏం జెప్పాలె? గిప్పటిదాంక నీ లెక్కనే ఉంటుండె బిడ్డా అని చెప్పుకుంటొస్తున్న. ఇయ్యాల కండ్లార జూపెట్టాలె."

"చూస్తదమ్మ. నేను వేస్త గద" అన్నాను. నిజంగానే అన్నాను, మనసులో మాటే అన్నాను.

ఆట మొదలైంది. చెరువు. పొద్దు పొడుస్తోంది. పొద్దు పొడవడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో అంతసేపూ పొడిచింది. దస్తీల వాళ్ళు ముందు నవ్వుకున్నారు, తర్వాత ఈలలేశారు, తర్వాత బల్లలు బాదారు. ఇంటర్వెల్‌లో గేటు దగ్గరుండే ముసలాయన పైకి వచ్చి కూర్చున్నాడు. నాకంటే ముందు నుంచి ఆ హాల్లో ఉన్న మనిషి.

"ముందటి లైన్ల ఒకడు బొమ్మ ఎప్పుడు మొదలైతది తాతా అంటున్నడు. సగమైందిరా బిడ్డా అంటే నమ్ముతలేడు" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటర్వెల్ తర్వాత నవ్వులాట కాలేదు. ఒక పక్క ఆరో రీలు ఆడుతోంది, నేను రెండో మిషన్‌కు ఏడో రీలు ఎక్కించి పెట్టుకున్నాను. కింద ఏదో చింపిన చప్పుడు. మేనేజర్ మెట్లన్నీ రెండేసి ఎక్కుతూ వచ్చాడు.

"అరే భై, ఏం జూసుకుంట కూసున్నవ్? పబ్లిక్ గరమైతాంది. సీట్లు బ్లేడ్లతోని కోస్తున్నరు. జల్దీ లేపెయ్యి!"

"గా సారు కింద్నే కూసున్నడు సార్."

"ఆయన సాయంత్రం ఇమానమెక్కి పోతడు. కోసిన సీట్లకు పైసలు నువ్విస్తవా, ఆయనిస్తడా? తర్వాతిదాంట్ల ఏమున్నది?"

"ఒకాయన వల కుడ్తడు."

"ఎంతసేపు?"

"రీలు మొత్తం."

"సచ్చినం పో. లేపెయ్యి" అని దిగిపోయాడు.

మరిచిపోయానని చాలాకాలం అందరితో చెప్పాను. మరిచిపోలేదు. ఆ తల్లీ బిడ్డా నాకు బాగా గుర్తున్నారు. కిటికీలోంచి చూస్తే ఆమె ముడి కనిపిస్తోంది కూడా. ఆట అయ్యాక జనం పోయాక వాళ్ళొక్కరికే వేస్తే సరిపోదా, ఈ ఈలల మధ్య చూడ్డం కంటే అదే మంచిది గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత బాగా చెప్పుకున్నానంటే, అదేదో ఆమెకు మేలు చేస్తున్నట్టే అనిపించింది. ఎక్కించిన ఏడో రీలు దించి, ఎనిమిదోది ఎక్కించాను. నా చేతికి అది అలవాటైన పని. ఒక నిమిషం పట్టలేదు.

ఎనిమిదో రీల్లో చెరువు మీద వలలు లాగుతారు. కేకలు, నవ్వులు, ఎగిరిపడే కొర్రమట్టలు, నీళ్ళల్లోకి దూకే పిల్లలు. హాలు ఒక్కసారి లేచి కూర్చుంది. దస్తీలు ఎగిరాయి. చివర దాకా అదే ఊపు. తెర మీద అక్షరాలు పడితే చప్పట్లు కొట్టారండీ, ఇంగ్లీష్ పిక్చర్‌కని వచ్చినవాళ్ళు! టై కట్టుకున్న మనిషి అటూ ఇటూ చూస్తూ తలూపాడు. నేను కిటికీలోంచి చూసి మురిసిపోయాను. ఐరోపాలో పెద్దపెద్దవాళ్ళు చేయలేని పనిని మేడ్చల్‌లో చేసి చూపించానని అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

జనం పోయారు. ఆమె మాత్రం లేవలేదు. ఆమె లేవలేదని ట్రాక్టర్ల వాళ్ళూ లేవలేదు. గేటు ముసలాయన దగ్గరికి పోయాడు.

"అయిపోయిందమ్మ, లే."

"యాడ అయింది తాతా? మా ఆయన ఇంక రాకపాయె."

ఆ మాట హాలంతా వినిపించింది. క్యాబిన్‌లో నాకూ వినిపించింది.

గడ్డం సారు మెట్లెక్కి పైకి వచ్చాడు, వెనకాల అమ్మాయి. నేను నిలబడ్డాను. ఆయన నావైపు చూడలేదు. బల్ల మీదున్న ఏడో రీలు చేతిలోకి తీసుకుని, కొసను వేళ్ళతో తడిమాడు. ఆడిన రీలయితే తిరగేసి చుట్టుకుని ఉంటుంది. అది చుట్టింది చుట్టినట్టే ఉంది. దాన్ని నా చేతుల్లో పెట్టి, మెల్లగా రెండు మాటలన్నాడు.

"వాళ్ళు కింద కూర్చునే ఉన్నారు, ఇప్పుడు వేయమంటున్నారు" అంది అమ్మాయి. ఆమె కళ్ళల్లో నీళ్ళు. తిట్టినా బాగుండేది.

ఎక్కించాను. ఫిల్ము రెండుసార్లు తప్పింది. ఆయన కిందికి పోయి ఆమె వెనక వరసలో కూర్చున్నాడు. లైట్లు తీయించాను, మిషన్ వెలిగించాను. అప్పుడే కరెంటు పోయింది.

జనరేటర్ రిపేరుకు పోయి ఎన్నాళ్ళయిందో. చీకటి హాల్లో ట్రాక్టర్ల వాళ్ళు, ఆమె, ఒళ్ళో బిడ్డ, వెనక ఆయన. నేను మెట్లు దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి.

"కరెంటు పోయిందమ్మ."

"రానీ సారూ. వచ్చేదాంక కూసుంటం. మాకేం పనున్నది?" అంది. ఆమె గొంతులో నా మీద కోపం లేదు. నేను కావాలని లేపేశానని ఆమెకు అప్పటికింకా తోచలేదు. తర్వాత ఎవరో చెప్పే ఉంటారు.

బిడ్డ నిద్రపోతే ఆమె బుగ్గ మీద తట్టి లేపింది. టై మనిషి గడియారం చూసుకుంటూ రెండుసార్లు లోపలికి వచ్చాడు. మూడోసారి వచ్చి గడ్డం సారుతో గట్టిగా మాట్లాడాడు. ఈయన కదల్లేదు. అతను క్యాబిన్‌లోకి పోయి, మిషన్ మీది రీలు కూడా విప్పించి, డబ్బాలన్నీ కారుకెత్తించాడు. విప్పింది నేనే. విప్పనని ఎందుకు అనలేదో నాకు తెలియదు. కారు హారను మీద హారను. గడ్డం సారు లేచి, వంగి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు. ఆ రీలు తప్పకుండా పంపిస్తానని అమ్మాయితో చెప్పించాడు.

కారు జీడిమెట్ల దాటి ఉంటుంది, కరెంటు వచ్చింది. హాల్లో ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిరిగాయి. బిడ్డ చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత నాకు శామీర్‌పేట వైపు పోవాలంటే కాళ్ళు రావు. అయినా మేడ్చల్ అంగడికి ఆమే చేపలు తెచ్చేది. నన్ను చూస్తే ఒక్కటే మాట.

"డబ్బ వచ్చిందా సారూ?"

"రాలేదమ్మ."

"వస్తే జర చెప్పి పంపున్రి."

దెప్పుతున్నట్టు కాదు, బస్సు వచ్చిందా అని అడిగినట్టు అడిగేది. నేను అంగడికి పోవడం మానేశాను. చేపలే మానేశాను. మా ఆవిడ, "ఏంది, మాల గిట్ల ఏసుకున్నవా?" అని ఎగతాళి చేసింది. ఏం చెప్పను?

రెండువేల తర్వాత మా హాలు మూతపడింది. కొంపల్లిలో అద్దాల హాళ్ళు వచ్చాక మా చింపిరి సీట్లకు ఎవరొస్తారు? ఇంట్లో కూర్చున్నాను. ఒకరోజు విదేశం నుంచి పార్సెల్. దుబాసీ అమ్మాయి పంపింది, ఆ దేశంలోనే స్థిరపడిందట. గడ్డం సారు పోయాడని, ఆ సినిమా డీవీడీగా వచ్చిందని, నాకు ఒకటి పంపమని ఆయన ఒకసారి చెప్పాడు గనుక పంపుతున్నానని చిన్న చీటీ, కింద ఫోన్ నంబరు.

అట్ట పట్టుకుని పిల్లాడిలా గంతులేశాను. డబ్బా వచ్చింది! మా పక్కింటివాళ్ళ డీవీడీ ప్లేయర్ సంచీలో వేసుకుని, మధ్యాహ్నం బస్సుకే శామీర్‌పేట పోయాను. ఏ ఆపరేటర్ అయినా ఆటకు ముందు ప్రింటు ఒకసారి నడిపి చూసుకుంటాడు. అది మా పనిలో మొదటి పాఠం. అది కూడా నాకు గుర్తు రాలేదు.

గుడిసె పోయి రెండు గదుల ఇల్లయింది. ఆమెకు తల నెరిసింది. బిడ్డ ఇంటర్ చదువుతోంది, నవ్వితే పన్ను మీద పన్ను. ఎవరి పోలికో నేను చూడగానే గుర్తుపట్టాను. నిమిషంలో వాడకట్టంతా నిండింది. తెప్ప మీద చేపలు పట్టే పెద్దాయన ఒకడు, ఆ సినిమాలో ఉన్నవాడే, గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పెట్టాను.

చెరువు. పొద్దు పొడుపు. ఈసారి ఎవరూ ఈల వేయలేదు. పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుంటూ, ముక్కులు చీదుకుంటూ చూస్తున్నారు. "ఇగ వస్తడు. గిప్పుడు సూడున్రి" అని నేను ముందుకు జరిగి చెప్తున్నాను. వలలు లాగే కేకలు మొదలయ్యాయి. కొర్రమట్టలు ఎగిరాయి.

వల కుట్టేది లేదు. మేడ్చల్‌లో నేను వేసిన ఆటే, అక్కడికక్కడ అతికినట్టు, మళ్ళీ నడుస్తోంది.

అటు తిప్పాను, ఇటు తిప్పాను. లేదు. ఆమె నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. చివరలో చెరువు మధ్య దూరంగా ఒక తెప్ప, దాని మీద అటు తిరిగి తెడ్డు వేసుకుంటూ పోయే మనిషి. వీపు తప్ప ఏమీ కనబడదు. పిల్ల మోకాళ్ళ మీద టీవీ దగ్గరికి జరిగింది.

"అమ్మా, గాయిననా నాయిన?"

అది ఎవరో గదిలో పిల్లకు తప్ప అందరికీ తెలుసు. గడప దగ్గర కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ బిడ్డా. గాయినే మీ నాయిన."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి ఆ అని తలూపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల ఆ ముక్కను మళ్ళీ పెట్టమంది. పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను.

నేను ప్లేయర్ సంచీలో వేసుకుని బయటికి వస్తుంటే ఆమె వాకిట్లోకి వచ్చింది.

"డబ్బ వచ్చింది గద సారూ. ఇగ అడుగ" అంది.

ఇంటికొచ్చి చీటీలోని నంబరుకు ఆ దుబాసీ అమ్మాయికి ఫోన్ చేసి అరిచాను. ఏమమ్మా, ఒక్క అడుగు తగ్గించని మనిషన్నావు, ఆ రీలేదీ?

"మీకు తెలియదనుకోలేదండీ. ఆ రోజు హాల్లో ఉన్నాడే, నిర్మాత మనిషి, అతనే పట్టుబట్టాడు. ఆ ఊరివాళ్ళే ఆ రీలు లేకుండా చూసి చప్పట్లు కొట్టారు, ఇంక మీకేమిటి అన్నాడు. ఈయన చాలా పోట్లాడారు. కానీ చివరికి ఆ మాటకే ఒప్పేసుకున్నారు. తీసేసిన రీలు ఎక్కడ పడేశారో కూడా తెలియలేదు. మీకు పంపాలని చివరిదాకా వెతికించారు."

"తర్వాతి సినిమాలు?"

"ఒక్కటే తీశారు. దాన్ని ఎవరెంత తగ్గించమంటే అంత తగ్గించేశారు. బాగా ఆడింది" అంది.

ఫోన్ పెట్టేశాను. ఎందరు నిర్మాతలు ఎన్నేళ్ళు గింజుకున్నా వంగని మనిషి. ఆయన్ని వంచడానికి మా హాల్లో చప్పట్లు పనికొచ్చాయి. నా బుట్టలోని ముక్కల్ని వెలుతురుకు పెట్టి చూసిన ఆ చేతులే గుర్తొచ్చాయి.

ఆ పిల్లకు నిజం చెప్పాలని నిశ్చయించుకుని మళ్ళీ పోయాను. నువ్వు చూసింది మీ నాయినను కాదమ్మా, మీ నాయిన వల కుట్టుకుంటూ నవ్వాడు, నీ ఏడుపు విని తల తిప్పాడు, దాన్ని నేను లేపేశాను అని, బస్సులో నాలుగైదు విధాల అనుకుంటూ పోయాను. గడపలో చెప్పులు విడిచి తలెత్తితే గోడ మీద ఫోటో. డీవీడీ నుంచి స్టూడియోలో పెద్దది చేయించి చట్రం కట్టించింది పిల్ల. నీళ్ళు, తెప్ప, దాని మీద ఒక వీపు. చట్రానికి బంతిపూల దండ. కింద ఊదుబత్తి వెలుగుతోంది.

ఆ ఫోటో కిందనే గోడకానుకుని పెద్దాయన టీ తాగుతున్నాడు. తన వీపుకే దండ వేసి ఉంది, దాని కింద కూర్చుని సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు.

"మా నాయినను మీరే తెచ్చిచ్చిన్రు సార్" అంది పిల్ల, నాకు కుర్చీ వేస్తూ. "మీరు రాకపోతే మాకు గీ ఒక్క ఫోటో గూడ లేకపోతుండె." టీ తెస్తానని లోపలికి పోయింది.

నేను పెద్దాయన పక్కన కూలబడ్డాను. "గిదేంది కాకా? బతికున్నోనికి దండేస్తరా? అరిష్టం గాదా? పిల్లకు నేను చెప్పేస్త" అన్నాను గొంతు తగ్గించి.

ఆయన సాసర్ కింద పెట్టి, తలెత్తి ఫోటో వంక చూసి, మూతి తుడుచుకున్నాడు.

"ఉండనీ సారూ. నా ఈపే గద. మొఖమైతే ఒద్దంటుంటి."

పిల్ల టీ తెచ్చి ఇచ్చింది. తాగాను. లేచి, ఊదుబత్తి పక్కన నిలబడి, ఆ ఫోటోకు దండం పెట్టి వచ్చేశాను.